క్లాసు పిల్లల మీదే డ్యాన్స్ టీచర్ పీహెచ్‌డీ: సంతకం పెట్టాలా, వద్దా?

వేదాయపాళెం అమ్మ:
మా పాప ఆరో తరగతి. నెల్లూరులోనే ఒక టీచర్ దగ్గర కూచిపూడి నేర్చుకుంటోంది. ఆ టీచర్ ఇప్పుడు పార్ట్‌టైంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. పరిశోధన ఎక్కడో లైబ్రరీలో కాదు, మా పిల్లకాయల క్లాసులోనే. అడుగులు నేర్పే పద్ధతిలో కొంత మార్పు చేసి, ఏం జరిగిందో డైరీ రాస్తారట, అప్పుడప్పుడు వీడియో తీస్తారట, పిల్లలతో మాట్లాడి వాళ్ల మాటలు కూడా రాసుకుంటారట. దీనికి ఒప్పుకుంటున్నట్టు తల్లిదండ్రులు సంతకం పెట్టాలని ఒక కాగితం ఇచ్చారు.

టీచర్ అంటే నాకు గౌరవం ఉంది. పాఠం బాగా చెప్తారు, పిల్లల్ని కొట్టరు, తిట్టరు. కానీ రెండు విషయాలు మనసులో తిరుగుతున్నాయి. తన క్లాసు గురించి తనే రాసుకుంటే అది పరిశోధన ఎట్టా అవుతుంది? అదట్టా ఉంచితే, దసరాకు గుళ్లో జరిగే ప్రోగ్రాంలో ముందు వరుసలో ఎవరు నిలబడాలో నిర్ణయించేది ఆమే. అలాంటి మనిషి కాగితం చేతికిస్తే వద్దని ఎవరనగలరు? వాట్సాప్ గ్రూపులో అందరూ ‘ఓకే మేడం’ అని పెట్టేశారు. నేనొక్కదాన్నే ఆగాను. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు రసికుడు:
అమ్మా, పెట్టొద్దు. శిష్యురాలి అడుగు ఎక్కడ తప్పుతోందో చూడటం గురువు రోజూ చేసే పని. దానికి డైరీ, వీడియో, గైడ్, వైవా ఎందుకు? వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి అంతమంది కళాకారుల్ని తయారు చేశారు. ఏ తల్లి చేతా సంతకం పెట్టించుకుని కాదు. మీరు ఫీజు కట్టింది పాప నాట్యం నేర్చుకోవడానికి, ఒకరి పేరు ముందు డాక్టర్ అన్న మాట చేరడానికి కాదు.

రిటైర్డ్ డైట్ లెక్చరర్:
అమ్మా, నేను డైట్‌లో, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థలో పనిచేశాను, మీ మొదటి సందేహానికి జవాబు చెప్పగలను. టీచర్ తన పాఠాన్ని తానే పరిశీలించడం కొత్త విషయం కాదు. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లోనే ఈ తరహా పరిశోధన గురించి వ్యాసం రాశారు: ఒక మార్పు అనుకోవడం, చేసి చూడటం, ఫలితాన్ని గమనించడం, దాన్నిబట్టి మళ్లీ సరిదిద్దుకోవడం. 1975లో ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్, పాఠ్యప్రణాళిక బాగుపడాలంటే టీచరే పరిశోధకుడు కావాలని వాదించారు. 1983లో డొనాల్డ్ షాన్, పనిలో ఉన్న మనిషి పని చేస్తూ ఆలోచించే తీరు మీద ఏకంగా పుస్తకమే రాశారు. మన బీఎడ్, డీఎడ్ పిల్లలు చేసే క్రియాత్మక పరిశోధన ఈ కోవలోదే. అయిదో తరగతి వాళ్లకు భాగహారం ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలంటే ఆ క్లాసులో రోజూ నిలబడే టీచర్‌ను మించి చూడగలిగేది ఎవరు?

అయితే డైరీ రాసుకున్నంత మాత్రాన పరిశోధన అయిపోదు. ముందుగా ఒక ప్రశ్న ఉండాలి. ఆధారాలు ఇంకొకరు తెరిచి చూసేలా ఉండాలి. తను అనుకున్నది తప్పని తేలే అవకాశాన్ని టీచర్ మిగల్చాలి. మీ టీచర్‌ను ఈ మూడింటి గురించే అడగండి.

రసికుడు గారూ, ఒక మాట. నటరాజ రామకృష్ణ గారు దేవదాసీ కళాకారిణుల దగ్గర మిగిలిన నాట్యాన్ని సేకరించారు, తానే ఆడారు, నేర్పారు, పుస్తకాలు రాశారు. ఆంధ్రనాట్యం, పేరిణి ఇవాళ వేదిక మీద ఉన్నాయంటే ఆడే మనిషే పరిశోధన చేయడం వల్ల కాదా?

ఒంగోలు రసికుడు:
రామకృష్ణ గారి మాట ఎత్తినందుకు సంతోషం. కానీ ఆయన పరిశోధన చేసింది కళ మీద, పదేళ్ల పిల్లల మీద కాదు. ఇంకో సంగతి కూడా చెప్పండి. నా పద్ధతి పనిచేయలేదని రాసి పట్టా తెచ్చుకున్న టీచర్‌ను ఎక్కడైనా చూశారా? ప్రశ్న ఆమెదే, క్లాసు ఆమెదే, మార్కులు వేసేదీ ఆమే. ఇక తప్పని తేలేది ఎట్టా?

కావలి నాట్యం టీచర్:
నేను వేదాయపాళెం అమ్మగారు చెప్పిన టీచర్‌ను కాదు. కానీ ఇదే పని చేస్తున్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

నా ప్రశ్న చాలా చిన్నది. మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, చక్కగా పడే అడుగు దానికి రెట్టింపు వేగమైన రెండో కాలానికి వచ్చేసరికి ఎందుకు చెదురుతుంది? ‘తై హత్ తై హి’ అనే అడుగునే తీసుకోండి. మొదటి కాలంలో పిల్లలందరి పాదం నేను తాళం కొట్టే తట్టుకర్ర దెబ్బతో కలిసి పడుతుంది. రెండో కాలం అందుకోగానే సగంమంది ముందుకు పరుగెత్తుతారు. అరమండి, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమ, లేచిపోతుంది. పక్కలకు తెరుచుకోవాల్సిన మోకాళ్లు ముందుకు తిరుగుతాయి. అలా వంకరగా కూర్చుని గట్టి నేల మీద పాదం కొడితే మోకాలి మీద భారం పడుతుంది, కాబట్టి ఇది అందం ఒక్కదాని సంగతి కాదు. మామూలుగా మేమంతా చేసేది ‘ఇంకా కూర్చో, ఇంకా కూర్చో’ అని కేకలు వేయడమే.

ఒక బ్యాచ్‌కు పద్ధతి మార్చాను. అడుగు వేయించకముందే నేల మీద కూర్చోబెట్టి, చేత్తో తాళం వేస్తూ నోటితో జతి, అంటే అడుగుకు తగ్గ లయ మాటలు, చెప్పించాను, మూడు కాలాల్లోనూ. నోరు తడబడకుండా వచ్చాకే లేచి నిలబడమన్నాను. లయ కుదిరింది. పరుగు బాగా తగ్గింది.

కానీ వీడియో చూస్తే ఇంకొకటి కనబడింది. పెదాలు లోపల్లోపల జతి చెప్పుకుంటున్నాయి, కళ్లేమో నేలను చూస్తున్నాయి. చేయి ఎక్కడ ఉంటే చూపు అక్కడ ఉండాలని చెప్పే, అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలోని శ్లోకం ప్రతి పిల్లకూ కంఠతా వచ్చు. అయినా చేయి కుడివైపు సాగితే చూపు మాత్రం బొటనవేలి మీదే. క్లాసులో నేను తట్టుకర్ర పట్టుకుని పాదాలే చూస్తూ ఉంటాను కాబట్టి ఇది వీడియోలోనే దొరికింది. లయ వచ్చిన చోట చూపు పోయింది. రెండూ రాస్తున్నాను, దాచేది లేదు. ఇప్పుడు జతి చెప్పేటప్పుడే చూపుకు కూడా పని పెట్టి చూస్తున్నాను.

రసికుడు గారూ, మార్కులు నేను వేయలేదు. ఏ వీడియో ముందుదో ఏది తర్వాతదో చెప్పకుండా కలిపేసి, వేరే ఊళ్లో ఉన్న టీచర్‌కు ఇచ్చి వేయించాను. గురువు రోజూ చూస్తాడన్న మాట నిజమే. చూసింది రాసి పెట్టకపోతే గురువుతోనే పోతుంది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నాట్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయ నృత్యమా కాదా అన్న వాదన వచ్చినప్పుడు మన పెద్దలు ఎంత బాధపడ్డారో మీకు తెలియనిది కాదు. ఆడటం ఒక్కటే చాలదని, రాసి చూపించాలని అప్పుడే తేలింది.

ఫిజిక్స్ సార్:
టీచర్ గారూ, బాగుంది. కానీ ఆ పిల్లలు ఆ నెలల్లో ఎలాగూ సాధన చేశారు కదా. లయ సాధన వల్ల కుదిరిందా, మీ కొత్త పద్ధతి వల్లా? పాత పద్ధతిలో నడిచిన బ్యాచ్‌తో పోల్చకుండా ఏమీ చెప్పలేం.

కావలి నాట్యం టీచర్:
సార్, సాయంత్రం బ్యాచ్‌ను పాత పద్ధతిలోనే ఉంచాను. తేడా ఉంది. అయినా ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు, బ్యాచ్‌లు కూడా అంతే. రాష్ట్రంలో అందరూ ఇలాగే నేర్పాలని నేను రాయను. నా క్లాసులో ఇలా చేస్తే ఇలా జరిగింది, మీ క్లాసులో చేసి చూడండి అనే రాస్తాను. అంతవరకే నా హక్కు.

కందుకూరు నాన్న:
పరిశోధన అవునా కాదా అన్నది మీరు తేల్చుకోండి. ఆ తల్లి అడిగిన అసలు సంగతి వదిలేశారు. మా వాడు సంగీతం నేర్చుకునేవాడు. అక్కడా ఇట్టాంటి కాగితమే ఇచ్చారు, పేరు చెప్పను. వీడియో వద్దన్నాం. ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత వాణ్ణి ఏ కచేరీలోనూ పాడించలేదు. వాడికి తొమ్మిదేళ్లు. ‘నేను బాగా పాడనా నాన్నా’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. గురువు ముందు వద్దనే ధైర్యం మనకుండదు. ఉన్నా ఆ లెక్క పిల్లల మీద పడుతుంది. అందుకే ఆ సంతకానికి విలువ లేదంటాను.

రిటైర్డ్ డైట్ లెక్చరర్:
బాబూ, మీరు చెప్పింది విన్నాక దీనికి అడ్డు చెప్పే మాట నా దగ్గర లేదు. పరిశోధన అవుతుందని నేను ఇప్పటికీ అంటాను. సంతకం అడిగే తీరు మాత్రం మారాలి. వైద్య పరిశోధనకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగానైనా అంగీకారం తీసుకోవాలని, పన్నెండు దాటితే రాతలో తీసుకోవాలని ఉంది. అది తల్లిదండ్రుల సంతకానికి అదనం. నాట్యం వైద్యం కాదు, నిజమే, కానీ ఆ కొలబద్ద ఇక్కడా పెట్టుకోవచ్చు. ఆరో తరగతి పిల్ల వద్దంటే అమ్మ సంతకం ఉన్నా వద్దనే.

ఇంకో జాగ్రత్త. పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పెడతారు. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. పిల్లల ఫొటోలు, పేర్లు అందులోకి వెళ్లాయంటే వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదు.

కావలి నాట్యం టీచర్:
కందుకూరు నాన్న గారి మాట చదివి చాలా బాధ కలిగింది. ఇది టీచర్ మంచితనం మీద వదిలేసే విషయం కాదు, ఏర్పాటులోనే ఉండాలి. నేను చేస్తున్నది చెప్తాను. కాగితాలు నేను తీసుకోను. మా క్లాసుతో సంబంధం లేని ఒక స్కూలు టీచరమ్మ తీసుకుని తన దగ్గరే ఉంచుకున్నారు. ఎవరు ఒప్పుకున్నారో ఎవరు ఒప్పుకోలేదో పరీక్షలు, ప్రోగ్రాంలు అన్నీ అయ్యేవరకు నాకు తెలియదు. క్లాసులో వీడియో అందరికీ తీస్తాం, ఒప్పుకోనివాళ్లు ఉన్న భాగాలు ఆమే తీసేసి, మిగిలింది చివర్లో నాకిస్తారు. ప్రోగ్రాంలో ఎవరు ఎక్కడ నిలబడాలో బయటినుంచి వచ్చిన టీచర్ నిర్ణయిస్తారు. ఇంత చేస్తే పని నెమ్మదిగా సాగుతుంది, మా గైడ్ విసుక్కుంటారు కూడా. సాగనీ.

ఫిజిక్స్ సార్:
ఒక్క నిమిషం. వీడియోలు చివర్లోనే మీ చేతికి వస్తే, కళ్లు నేల మీద ఉన్నాయని మధ్యలో ఎలా తెలిసింది?

కావలి నాట్యం టీచర్:
మంచి ప్రశ్న సార్. అది మొదటి బ్యాచ్ సంగతి. వాళ్ల పరీక్ష అయిపోయింది, వీడియోలు నాకు వచ్చేశాయి. చూపుకు పని పెట్టి చేయిస్తున్నది కొత్త బ్యాచ్‌తో.

ఒంగోలు రసికుడు:
టీచరమ్మా, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. కళ్ల సంగతి బాగా పట్టారు, అది నిజమైన గురువు చూపు. అయితే ఇదంతా ఇంగ్లీషులో థీసిస్‌గా రాసి కంప్యూటర్‌లో పడేస్తే, చీమకుర్తిలోనో కనిగిరిలోనో రేకుల షెడ్డులో నాట్యం నేర్పే మనిషికి ఏం ఒరిగింది? ఆ మనిషి దాకా చేరనప్పుడు పిల్లల్ని ఇందులోకి లాగే అర్హత ఎవరికీ లేదు.

కావలి నాట్యం టీచర్:
ఒప్పుకుంటాను బాబాయిగారూ. తెలుగులో చిన్న పుస్తకంగా రాసి, ముందు మా తల్లిదండ్రులకు, చుట్టుపక్కల టీచర్లకు ఇస్తాను. థీసిస్ ఇచ్చాక కాదు, అంతకుముందే. అందులో తప్పులుంటే వాళ్లే చెప్తారు.

వేదాయపాళెం అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. నిన్న టీచర్‌తో మాట్లాడాను. కోప్పడలేదు, కూర్చోబెట్టి ప్రశ్నలన్నీ విన్నారు. కాగితాలు వేరేవాళ్లు తీసుకునే పద్ధతి గురించి గైడ్‌ను అడుగుతానన్నారు. అప్పటిదాకా ఎవరి సంతకమూ తీసుకోరు, పెట్టినవాళ్ల కాగితాలు కూడా తిరిగి ఇచ్చేస్తున్నారు. గ్రూపులో ‘ఓకే మేడం’ అన్నవాళ్లలో కొందరు తర్వాత నాకు ఫోన్ చేశారు, వాళ్లకూ ఇదే భయమట.

పాపను కూడా అడిగాను. డైరీ రాసుకుంటే తనకేం ఇబ్బంది లేదట, వీడియో అయితే కొత్త అడుగు వచ్చాకే తీయాలట, తప్పు వేసేటప్పుడు వద్దట. తప్పు వేసేటప్పుడే కదా టీచర్‌కు కావాల్సింది. అందుకని వీడియోకు వద్దని, డైరీకి సరేనని కాగితంలో విడివిడిగా రాయించి సంతకం పెడతాను. పేరు, ముఖం ఎక్కడా రాకూడదని, తెలుగు ప్రతి మాకు ముందు ఇవ్వాలని కూడా రాయిస్తాను.

కందుకూరు నాన్న:
మంచిదమ్మా. ముందు వరుస సంగతి మాత్రం దసరాకే తెలుస్తుంది.

వేదాయపాళెం అమ్మ:
అవునన్నా. ఏం జరిగినా ఇక్కడే రాస్తాను.