మార్చి 8 గోడపత్రిక: ఓటు హక్కు, సోషలిస్టు పత్రికల సంపాదకురాళ్లలో ఎవరిని పెట్టాలి?

ప్రశ్న (తిరుపతి):
మార్చి 8 మహిళా దినానికి కాలేజీలో గోడపత్రిక పెడతా ఉన్నాం. నాలుగు డ్రాయింగ్ షీట్లకే చోటుంది. తొలినాళ్లలో పత్రికలు నడిపిన ఆడవాళ్ల గురించి రాయాలి. పిల్లలు తెచ్చిన నోట్సులో ఒకే పత్రికకు రెండు పేర్లు, ఒకే సంచికకు రెండు తేదీలు ఉన్నాయి. ఏది రాయమంటారు? మన జిల్లాతో సంబంధం ఉన్నవాళ్లుంటే వాళ్లను ముందు పెడతాం.

జవాబు (చిత్తూరు):
మేడమ్, రెండు పేర్లూ రాయించండి, ఏ ఏడు ఎందుకు మారిందో కూడా. అసలు విషయం అందులోనే ఉంది. సిల్వియా పాంక్‌హర్స్ట్ 1914లో తూర్పు లండన్‌లో పెట్టిన ‘ఉమన్స్ డ్రెడ్‌నాట్’ 1917 జులైలో ‘వర్కర్స్ డ్రెడ్‌నాట్’ అయింది. ఆడవాళ్ల ఓటు కోసం పుట్టిన పత్రిక కార్మికులందరిదీ అయింది. ఆమె అక్క క్రిస్టబెల్ నడిపిన ‘సఫ్రజెట్’ 1915లో ‘బ్రిటానియా’గా మారి మొదటి ప్రపంచయుద్ధాన్ని వెనకేసుకొచ్చింది. ఈ రెండింటినీ ఒకే షీటులో పక్కపక్కన పెట్టండి.

‘ఓట్స్ ఫర్ విమెన్’ను మాత్రం ‘సఫ్రజెట్’తో కలపొద్దు. అది 1907లో పెథిక్-లారెన్స్ దంపతులు పెట్టింది. 1912లో వాళ్లను పాంక్‌హర్స్ట్‌ల ఓటు హక్కు సంఘం నుంచి తీసేస్తే పత్రిక వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. అందుకే సంఘానికి కొత్త పత్రిక కావాల్సొచ్చింది, అదే ‘సఫ్రజెట్’. ఈ పత్రికలు అమ్మేవాళ్లు పేవ్‌మెంట్ దిగి రోడ్డంచున నిలబడేవాళ్లు. పైన నిలబడితే దారికి అడ్డమని పోలీసులు కేసు పెట్టొచ్చు.

రెండు తేదీలు రష్యా పత్రిక ‘రబోత్నిత్సా’కు వచ్చుంటాయి. అక్కడి పాత క్యాలెండర్ 13 రోజులు వెనక. 1914 ఫిబ్రవరి 23 అంటే మనకు మార్చి 8. కొత్త తేదీనే పెద్దగా రాయండి. ఆ తొలి సంచికకు ముందే సంపాదకవర్గంలో చాలామంది అరెస్టయ్యారు. బయట మిగిలిన అన్నా ఎలిజరోవా దాన్ని తెచ్చింది. ఆ ఏడు వచ్చినవి 7 సంచికలే, అందులో 3 జప్తు.

జవాబు (మదనపల్లె):
మొదటి షీటు మార్గరెట్ కజిన్స్‌కే ఇవ్వండి. మనవాళ్లకు ఆమె 1919లో ఇక్కడ ‘జనగణమన’కు స్వరలిపి రాసిన మనిషిగానే తెలుసు. అది సగమే. 1908లో ఐర్లండ్‌లో మహిళల ఓటు హక్కు సంఘం పెట్టినవాళ్లలో ఒకరు, దానికోసం జైలుకెళ్లారు. 1915లో ఇండియాకొచ్చి, తర్వాత మదనపల్లె కాలేజీలో ఉన్నారు. 1917లో అనిబిసెంట్, డొరొతీ జినరాజదాసలతో కలిసి అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టారు. దాని పత్రిక ‘స్త్రీ ధర్మ’ 1918లో మొదలైంది.

బిసెంట్‌ను థియోసఫీకి (దివ్యజ్ఞాన సమాజానికి) ముందునుంచీ రాయండి. 1888 జూన్ 23న ‘ది లింక్’ పత్రికలో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గురించి రాశారు. 16 ఏళ్ల పిల్లకు వారానికి 4 షిల్లింగులు, కాళ్లు మురికిగా ఉంటే 3 పెన్నీల జరిమానా. జులైలో సుమారు 1,400 మంది సమ్మె చేశారు.

జవాబు (తిరుపతి):
జర్మన్ సోషలిస్టు క్లారా జెట్కిన్ షీటులో రెండు తప్పులు మామూలుగా దొర్లుతాయి. ఆమె నడిపిన మహిళల పత్రిక ‘గ్లైఖైట్’ను ఆమే మొదలుపెట్టిందనడం ఒకటి. దానికి ముందు రూపం ఎమ్మా ఇరర్ 1891లో తెచ్చిన పత్రిక. జెట్కిన్ 1892 నుంచి సంపాదకురాలు. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1917లో సొంత పార్టీనే తప్పించింది. రెండోది తేదీ: 1910 కోపెన్‌హాగన్ సోషలిస్టు మహిళల సభ మహిళా దినం జరపాలంది గానీ మార్చి 8 అని నిర్ణయించలేదు.

మద్రాసు రాష్ట్రంలో 1921లో ఓటు వచ్చిందని రాసేటప్పుడు ‘ఆడవాళ్లందరికీ’ అని రానీయకండి. ఆస్తి షరతు అలాగే ఉంది.