ఇంట్రెస్ట్ ఆన్ కాదట, ఇంట్రెస్ట్ ఇన్ అట: నౌన్ తర్వాత ప్రిపోజిషన్ మీరెలా నేర్చుకున్నారు?

గుంటూరు_మిర్చి:
ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను. నిన్న రాసిన రైటింగ్ టాస్క్ దిద్ది ఇచ్చారు. ఎర్ర గీతలన్నీ నౌన్ పక్కనుండే చిన్న ముక్కల కిందే. ఇంట్రెస్ట్ ఆన్ మ్యూజిక్, రీజన్ ఆఫ్ ద డిలే, డిమాండ్ టు హౌసెస్, ఇంక్రీజ్ ఆఫ్ పాపులేషన్. లిస్టు బట్టీ పట్టినా పెన్ను పట్టుకోగానే మరిచిపోతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

కౌంటర్_3:
నాది బ్యాంకు ఉద్యోగం. మీ మొదటి తప్పు నేనూ చేశాను. మనం 'సంగీతం మీద ఆసక్తి' అంటాం, 'అప్పు మీద వడ్డీ' అంటాం. రెండింటికీ 'మీద' సరిపోతుంది. ఇంగ్లీషులోనూ రెండింటికీ ఇంట్రెస్ట్ ఒకటే మాట, కానీ వడ్డీ అయితేనే ఆన్, ఆసక్తి అయితే ఇన్. ఓ కస్టమర్‌కి పంపే లెటర్‌లో 'యువర్ ఇంట్రెస్ట్ ఆన్ అవర్ డిపాజిట్ స్కీమ్' అని టైప్ చేశాను. మేనేజర్ గారు ఆన్ కొట్టేసి, పైన పెన్సిల్‌తో ఇన్ అని రాసి, 'ఇలా పంపితే వడ్డీ గురించి అనుకుంటారమ్మా' అన్నారు. ఆ పెన్సిల్ అక్షరాలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

జడ్పీ_టీచర్:
కౌంటర్ గారు చెప్పిందే అసలు కారణం. చిన్నప్పుడు వల్లించిన కి, కు, లో విభక్తులే ఇంగ్లీషు రాసేటప్పుడూ చేతికొస్తాయి. 'ఇళ్లకి గిరాకీ' అంటాం కాబట్టి డిమాండ్ టు అని రాసేస్తాం. అది డిమాండ్ ఫర్. ఆలస్యానికి కారణం అంటే రీజన్ ఫర్, కానీ కాజ్ అయితే కాజ్ ఆఫ్. సమస్యకి పరిష్కారం, ప్రశ్నకి జవాబు, తలుపుకి తాళంచెవి: ఈ మూడింటికీ టు వస్తుంది.

మా పిల్లలు ఎక్కువ తడబడేది వెర్బ్ నౌన్‌గా మారేచోట. డిస్కస్ ద ప్రాబ్లమ్ అన్నప్పుడు మధ్యలో ఏమీ రాదు, డిస్కషన్ అనగానే అబౌట్ లేదా ఆఫ్ లాంటి ముక్క కావాలి. అఫెక్ట్స్ హెల్త్, కానీ ఎఫెక్ట్ ఆన్ హెల్త్. ప్రౌడ్ పక్కన ఆఫ్, ప్రైడ్ పక్కన ఇన్. అందుకే నేను బోర్డు మీద రెంటినీ పక్కపక్కనే రాయిస్తాను.

గుంటూరు_మిర్చి:
థాంక్యూ మాష్టారూ. మరి మోడల్ ఆన్సర్‌లో 'ఇంక్రీజ్ ఆఫ్ 10 పర్సెంట్' అని ఉంది కదా, నాది ఎందుకు తప్పయింది?

డాలస్_బాబాయ్:
రెండూ ఉన్నాయమ్మా. ఏది పెరిగిందో చెప్పాలంటే ఇన్, ఎంత పెరిగిందో చెప్పాలంటే ఆఫ్. 'యాన్ ఇంక్రీజ్ ఆఫ్ 10 పర్సెంట్ ఇన్ సేల్స్' అని ఒక్క వాక్యం గుర్తుపెట్టుకో. రైజ్, ఫాల్, డ్రాప్ కూడా అంతే. గ్రాఫ్ ప్రశ్నలో ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి.

లిస్టు మాత్రం పక్కన పెట్టెయ్. లెర్నర్స్ డిక్షనరీలో పదం వెతికినప్పుడు అర్థం దగ్గర ఆగిపోకుండా దాని ఉదాహరణలు కూడా చదువు. ఏ ముక్క రావాలో అక్కడే కనిపిస్తుంది. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన హార్న్‌బీ 1942లో అక్కడే అలాంటి డిక్షనరీ తెచ్చారు. మనలా బయటి నుంచి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసమే అది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
బాబాయ్ గారూ, బట్టీ అస్సలు వద్దంటే నేను ఒప్పుకోను. నర్సులు రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీకి నేను కొన్నిటిని అలాగే పట్టాను. ఎలర్జీ టు పెన్సిలిన్, హిస్టరీ ఆఫ్ డయాబెటిస్, ఛేంజ్ ఇన్ బీపీ. రెఫరల్ లెటర్ రాసేటప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు. కాకపోతే ఒట్టి పదం కాదు, మూడు మాటలూ కలిపి పైకి చదివేదాన్ని. నోటికి అలవాటైతే తప్పు ముక్క చెవికే తెలిసిపోతుంది.

గుంటూరు_మిర్చి:
మళ్లీ రాశాను, చూడండి: 'ద రీజన్ ఫర్ ద రైజ్ ఇన్ డిమాండ్ ఫర్ హౌసెస్'.

జడ్పీ_టీచర్:
మూడు ముక్కలూ సరిగ్గా పడ్డాయి. హౌసెస్ బదులు హౌసింగ్ అని రాయండి, ఇంకా బాగుంటుంది.