చలికాలంలో హైబ్రిడ్ మైలేజీ తగ్గుదల: తప్పు చలిదా, పెట్రోలుదా?

నయీంనగర్ బండి, హనుమకొండ

అందరికీ నమస్తే. నాది 1.5 లీటర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు మీద కూడా నడిచే కారు. వానాకాలమంతా సిటీలోనే లీటరుకు 23 కిలోమీటర్ల దాకా ఇచ్చింది. కార్తీకం దాటినప్పటి నుంచి దిగుతూ దిగుతూ ఇప్పుడు 18 దగ్గర ఆగింది. సర్వీసుకు తీసుకుపోతే కంప్యూటర్ పెట్టి చూసి, "బండిలో ఏం లేదు సార్, చలికాలం కదా" అని పంపించారు.

ఈ మాట నేను ఒప్పుకోను. చలికి మైలేజీ పడిపోవడం మంచు కురిసే దేశాల ముచ్చట. మన దగ్గర పొద్దున 13, 14 డిగ్రీలుంటే అదీ ఒక చలేనా? మధ్యాహ్నానికి మళ్లీ 30. నా అనుమానమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మీదే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అది కలిపితే మైలేజీ తగ్గకుండా ఎలా ఉంటుంది? అసలు సంగతి వదిలేసి అందరూ చలి పేరు చెబుతున్నారు. చలే కారణం అనేవాళ్లు లెక్కతో చెప్పండి, వింటాను.

గోదావరిఖని ఇంజనీర్

లెక్కతోనే చెబుతాను తమ్మీ. ఇథనాల్‌లో శక్తి తక్కువన్నది నిజం. మూడో వంతు తక్కువున్నదాన్ని ఐదో వంతు కలిపితే మొత్తం మీద తగ్గేది 6, 7 శాతం. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా ఇ10కు, అంటే 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ట్యూన్ చేసిన పాత డిజైన్ కార్లకు 6-7 శాతమనే చెప్పింది. ఇ20కి ట్యూన్ చేసిన కార్లకైతే 1-2 శాతమే అంది. నీ 23, 18 అయిందంటే దాదాపు 22 శాతం పోయినట్టు. అన్నిటికంటే ముఖ్యమైనది, వానాకాలంలో నువ్వు పోయించుకున్నదీ ఆ పెట్రోలే కదా? అప్పుడు 23 ఇచ్చిన పెట్రోలు ఇప్పుడు 18 ఎందుకు ఇస్తోంది? కాలంతో పాటు మారినదాన్ని వెతకాలి.

అమెరికా ఇంధన శాఖ లెక్క ఒకటుంది. 25 డిగ్రీల నుంచి మైనస్ 7కు పడిపోతే మామూలు పెట్రోలు కారుకు సిటీలో 15 శాతం దాకా మైలేజీ పోతుంది. హైబ్రిడ్‌కు 30 నుంచి 34 శాతం పోతుంది. మనకు మైనస్ 7 రాదు కాబట్టి ఆ అంకెను తెచ్చి ఇక్కడ అతికించలేం. కానీ హైబ్రిడ్‌కు దెబ్బ రెట్టింపు ఎందుకన్నది మనకూ వర్తిస్తుంది.

హైబ్రిడ్ మైలేజీ అంతా ఇంజిన్ ఆగి ఉండటంలోనే ఉంది. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో పాకేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఇంజిన్ ఆగితేనే ఆదా. చలికి ఆ ఇంజిన్ ఆగదు. రేపు పొద్దున గేటు దగ్గర బండి ఆన్ చేసి ఎనర్జీ మానిటర్ చూడు, శక్తి ఎటు పోతోందో బాణాలతో చూపించే తెర అది. బ్యాటరీ గీతలు నిండా ఉన్నా కాసేపట్లో ఇంజిన్ దానంతటదే లేస్తుంది. సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీలు ఎక్కితే గానీ పొగను శుద్ధి చేయదు. దాన్ని వేడెక్కించడానికే ఆ పరుగు. ఆ తర్వాత కూలెంట్, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవం, వేడెక్కాలి. అప్పటిదాకా బాణం ఇంజిన్ నుంచే చక్రాలకు పోతుంటుంది, బ్యాటరీ మీదే నడుస్తోందని చెప్పే ఈవీ లైటు వెలగదు. ఇంటి నుంచి బడికి మూడు కిలోమీటర్లే అయితే, ఇంజిన్ వేడెక్కే సరికి నువ్వు కారు దిగి తాళం వేస్తుంటావు.

నయీంనగర్ బండి

అన్నా, వానాకాలంలో కూడా నావి అవే చిన్న ట్రిప్పులు. బడి, సుబేదారి, కూరగాయలు, ఇల్లు. రూటు మారలేదు. మరి అప్పుడెందుకు 23?

నిర్మల్ క్యాబ్

నేను పెద్ద హైబ్రిడ్ నడుపుతాను, ఏడు సీట్లది. నిర్మల్ నుంచి హైదరాబాద్ వారం వారం పోతాను. 44వ నంబరు హైవే మీద చలికాలమైనా, వానాకాలమైనా నాకు పెద్ద తేడా రాదు. మొదటి పది కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది, ఆర్మూర్ దాటేసరికి సర్దుకుంటుంది. నాకు దెబ్బ పడేది ఎండాకాలంలో. మే నెల మధ్యాహ్నం సిటీ ట్రాఫిక్‌లో ఏసీ ఫుల్లు పెడితే బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది, దాన్ని నింపడానికి ఇంజిన్ మాటిమాటికీ లేస్తుంది. తమ్ముడు వానాకాలంతో పోలుస్తున్నాడు. వానాకాలం అంటే ఏసీ భారమూ తక్కువ, చలీ లేదు. ఏడాదిలో మంచి మైలేజీ వచ్చే రోజులవి. మేతో పోల్చు, అప్పుడు చలికాలం ఇంత చెడ్డగా కనిపించదు.

ఇంకో మాట. డ్యాష్‌బోర్డు అంకె నమ్మొద్దు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఆటో కట్ అయ్యేదాకా పోయించుకుని, మళ్లీ అలాగే పోయించుకునేటప్పుడు లీటర్లు లెక్కగట్టు.

గోదావరిఖని ఇంజనీర్

హైవే మీద తేడా రాదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. 30 డిగ్రీల గాలి కంటే 8 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం చిక్కన. వంద మీద పోయేటప్పుడు బండి శక్తిలో చాలా భాగం గాలిని చీల్చడానికే పోతుంది కాబట్టి తెల్లవారుజామున పోతే 3, 4 శాతం తేడా ఉంటుంది. మీరు ఏడుగురిని, సామానును వేసుకుని పోయే బండిలో అది కనిపించదు. కానీ అసలు మాట మీరు చెప్పిందే. దూరం పోతే చలి ప్రభావం కరిగిపోతుంది.

ఇక వానాకాలంలో అదే రూటుకు 23 ఎందుకన్న ప్రశ్న. జూలై పొద్దున 25 డిగ్రీలుంటుంది, డిసెంబరులో 13. ఇంజిన్ ఎక్కాల్సిన వేడి ఎక్కువ, ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య చల్లారడం కూడా తొందరగా. వానాకాలంలో బడి దగ్గర దింపి, గంట తర్వాత కూరగాయలకు బయల్దేరితే ఇంజిన్ ఇంకా గోరువెచ్చగా ఉంటుంది. ఇప్పుడు ఉండదు. ప్రతి ట్రిప్పూ తెల్లారి మొదటి ట్రిప్పు లాంటిదే. అయినా నిజం చెప్పాలి. మన వరంగల్ చలి ఒక్కటే 22 శాతం తినదు. ఇంకేదో కలిసింది. హీటర్ వాడుతున్నావా?

నయీంనగర్ బండి

అమ్మ కూర్చుంటే పొద్దున పెడతాను. ఇంకా, బయల్దేరే ముందు ఐదు నిమిషాలు గేటు దగ్గరే ఆన్ చేసి ఉంచుతాను. నాన్న లారీ నడిపినప్పటి నుంచి మా ఇంట్లో అలవాటు. ఆయిల్ పైకి ఎక్కకుండా బండి కదిలించకూడదని ఆయన మాట. దాన్ని నేను మార్చుకోను.

ములుగు రోడ్ మెకానిక్

నాన్నగారి మాట ఆ లారీకి సరైనదే. ఈ ఇంజిన్‌కు కాదు. చాలా హైబ్రిడ్లకు ఇప్పుడు కంపెనీ చెప్పే ఆయిల్ 0డబ్ల్యు-16 లేదా 0డబ్ల్యు-20, నీళ్లలా పలచగా ఉంటుంది. మన చలికి అది క్షణాల్లో పైదాకా పోతుంది. నిలబడి వేడి చేస్తే ఐదు నిమిషాలు పెట్రోలు తాగుతూ సున్నా కిలోమీటర్లు పోయినట్టు. సరాసరిలో ఆ సున్నా కూడా కలుస్తుంది. ఆన్ చేసి, బెల్టు పెట్టుకుని, మెల్లగా కదిలించండి. నడుస్తూ వేడెక్కడమే దానికి మంచిది. మొదటి రెండు కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా ఉంటే చాలు.

మా షెడ్డుకు ఇలాంటి బండ్లు వస్తే నేను ముందు ఆయిల్ బిల్లు అడుగుతాను. చిక్కగా ఉంటే ఇంజిన్‌కు మంచిదనుకుని బయట 15డబ్ల్యు-40 పోయించుకున్నవాళ్లు ఉన్నారు. తర్వాత థర్మోస్టాట్, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్. అది తెరుచుకుని ఇరుక్కుపోతే కూలెంట్ ఎంత దూరం పోయినా పూర్తిగా వేడెక్కదు, ఇంజిన్ ఆగాల్సిన చోట ఆగదు. ఎండాకాలంలో ఈ లోపం తెలియదు, చలి రాగానే బయటపడుతుంది. అరగంట నడిపాక కూడా హీటర్ గాలి గోరువెచ్చగానే వస్తుంటే దాన్నే అనుమానించాలి. కంప్యూటర్ పెట్టినా ఒక్కోసారి కోడ్ చూపించదు.

టైర్ల గాలి కూడా చూసుకోండి. సుమారు ప్రతి ఐదున్నర డిగ్రీలకు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మారుతుంది. ఎండలో నిలిపిన బండికి మధ్యాహ్నం పట్టించిన గాలి తెల్లారేసరికి 3, 4 పీఎస్ఐ తక్కువ ఉంటుంది. దానికి మైలేజీలో పోయేది ఒక శాతం లోపే, కానీ టైరు అంచులు అరిగిపోతాయి.

జైనూర్ టీచర్, ఆసిఫాబాద్ జిల్లా

వరంగల్‌లో చలి లేదన్న అన్న మాట చదివి రాస్తున్నాను. మా వైపుకు రండి. సిర్పూర్ యు, తిర్యాణి, కెరమెరి వైపు పుష్య మాసంలో పొద్దున పది లోపే, కొన్ని రోజులు 6, 7కు కూడా దిగుతుంది. నాగోబా జాతర రోజుల్లో కేస్లాపూర్‌లో రాత్రి బయట ఉన్నవాళ్లకు ఆ ఇగం తెలుసు. మాదీ హైబ్రిడే. బడికి నాలుగు కిలోమీటర్లు. వెనుక మా ఇద్దరు పిల్లలు, దారిలో ఎక్కించుకునే ఇంకో ఇద్దరు. ఐదుగురి ఊపిరికి ముందు అద్దం లోపల తెల్లగా పట్టేస్తుంది, చేత్తో తుడిస్తే గీతలు గీతలుగా మిగిలి ఎదుటి బండి లైటు చుట్టూ వలయంలా కనిపిస్తుంది. డీఫాగ్ పెట్టక తప్పదు. డీఫాగ్ అంటే ఏసీ, హీటర్ రెండూ కలిసి నడవడం. ఇంజిన్ ఇంటి నుంచి బడి దాకా ఒక్కసారి కూడా ఆగదు. డిసెంబరు, జనవరిలో 13, 14 కంటే రాదు. మధ్యాహ్నం ఎండలో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం 20 దాటుతుంది. అదే బండి, అదే పెట్రోలు, అదే రోడ్డు. చలి కారణం కాదంటే నేనెలా ఒప్పుకోను?

గోదావరిఖని ఇంజనీర్

మేడమ్, మీ ఉదాహరణే అసలు రుజువు. ఏసీ కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి చల్లదనానికి ఇంజిన్ ఎప్పుడూ నడవాల్సిన పని లేదు. వేడికి మాత్రం మనకు దొరికే చాలా హైబ్రిడ్లలో ఇంజిన్ కూలెంటే దిక్కు. హీటర్ అడిగినంతసేపు ఇంజిన్ నడుస్తుంది. పైగా చల్లబడిన బ్యాటరీ బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటును అంత చురుగ్గా తీసుకోదు, లిథియం అయాన్ అయినా, నికెల్ మెటల్ హైడ్రైడ్ అయినా. 7 డిగ్రీల దగ్గర ఆ తేడా చిన్నదే, అసలు బరువు హీటర్‌దే. అద్దం తేటపడ్డాక డీఫాగ్ తీసేసి, కిటికీలు వేలెడంత దింపితే ఇంజిన్‌కు కొంత ఊపిరి దొరుకుతుంది.

జైనూర్ టీచర్, ఆసిఫాబాద్ జిల్లా

ఏడు డిగ్రీల గాలిలో పిల్లలతో కిటికీ దింపమంటే నేను దింపను సార్. లెక్క వేసి చూశాను. నాలుగు కిలోమీటర్లకు 20 బదులు 13 వస్తే ఎక్కువ కాలేది నూరు మిల్లీలీటర్ల చుట్టూ. లీటరు 107 అనుకుంటే పది, పదకొండు రూపాయలు. నెలకు చూస్తే చిన్న మొత్తం కాదు, అయినా పిల్లలు వణుకుతూ బడికి పోవడం కంటే ఆ ఖర్చే నయం. నేనడిగేది ఒక్కటే. చలికి తగ్గుతుందని కొనేముందు షోరూములో ఎవరూ చెప్పరు. బ్రోషర్‌లో 27.97 అని అచ్చు వేస్తారు, ఆ పరీక్ష 20, 30 డిగ్రీల మధ్య ల్యాబులో జరుగుతుందని మాత్రం చెప్పరు. రోజూ నాలుగు కిలోమీటర్లు చలిలో తిరిగేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియాలి.

నిర్మల్ క్యాబ్

మేడమ్ మాటకు నేనూ సై. దూరాలు తిరిగేవాడికి హైబ్రిడ్ లాభం, సిటీ ట్రాఫిక్‌లో గంటలు తిరిగేవాడికి ఇంకా లాభం. రోజుకు రెండు చిన్న ట్రిప్పులకే అయితే అంత ఎక్కువ డబ్బు పెట్టేముందు ఆలోచించుకోవాలి.

నయీంనగర్ బండి

మేడమ్ చెప్పిన పొద్దున, మధ్యాహ్నం తేడా బలమైన మాట, కాదనను. కానీ అది 7 డిగ్రీల ఊరు. నా 22 శాతానికి ఇప్పటికీ పూర్తి లెక్క దొరకలేదు. ఇథనాల్ మీద నా అనుమానం అలాగే ఉంది. ఒక్కో బంకులో ఒక్కో రకంగా కలుపుతున్నారేమో ఎవరికి తెలుసు?

గోదావరిఖని ఇంజనీర్

అయితే తేల్చడానికి దారి ఉంది. మెకానిక్ అన్న చెప్పినట్టు థర్మోస్టాట్, ఆయిల్ ఇప్పుడే చూపించు. గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆపడం వారం పాటు మానేసి చూడు. తర్వాత ఒకే బంకు, ఒకే రూటు పెట్టుకుని ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క రాసుకో. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా. అప్పటికీ అదే బంకు పెట్రోలుతో 18 దగ్గరే ఉంటే నీ వాదన నిలిచినట్టు, బంకును అడుగుదాం. 21, 22కు ఎక్కితే చలిది, చలిలో నువ్వు వాడే హీటర్‌ది.

నయీంనగర్ బండి

సరే అన్నా. రేపే థర్మోస్టాట్ చూపిస్తాను. ఐదు నిమిషాల సంగతి నాన్నతో మాట్లాడాలి. శివరాత్రి దాటాక లెక్కలు ఇక్కడే పెడతాను, హనుమకొండ, కాజీపేటలో హైబ్రిడ్ ఉన్నవాళ్లు మీవీ పెట్టండి. హీటర్ పెట్టారా లేదా, ట్రిప్పు ఎన్ని కిలోమీటర్లు, ఆ రెండూ తప్పకుండా రాయండి.