మార్ఫింగ్ ఫొటోలు, నకిలీ ఖాతాలు: మన జిల్లాల్లో మీకు ఎదురైనవి రాయండి

బొబ్బిలి పంతులమ్మ
మా బడిలో పదో తరగతి అమ్మాయి ముఖాన్ని ఎవరో అసభ్య చిత్రానికి అతికించి నకిలీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పెట్టారు. తండ్రి వలస పని మీద చెన్నైలో ఉన్నారు. తల్లి భయపడిపోయి పిల్ల ఫోను బీరువాలో పెట్టి తాళం వేశారు, బడి మాన్పించారు. చేసినవాడు దర్జాగా తిరుగుతున్నాడు, శిక్ష పిల్లకు పడింది. ఇలాంటివి దాటి వచ్చినవారు ఏం చేశారో చెప్పండి.

ఆమదాలవలస అక్క
టీచరుగారూ, ఆ ఫోనులో ఏదీ చెరపవద్దని ముందు చెప్పండి. మా చెల్లి విషయంలో మా అన్నయ్య కోపం పట్టలేక సందేశాలన్నీ తుడిచేశాడు. స్టేషన్‌లో మొదట అడిగినవి అవే. ఖాతా లింకు, పోస్టు లింకు, చూసిన తేదీ, సమయం కాగితం మీద రాసుకోండి. వాడు ఖాతా పేరు మార్చినా పోస్టు లింకు మారదు.

నాగావళి తీరం
శ్రీకాకుళంలో న్యాయవాదిని. అమ్మాయి మైనరు కాబట్టి లింకు చాలు, ఆ చిత్రాన్ని దాచుకోవద్దు, "ఎంత ఘోరమో చూడండి" అని బంధువుల గ్రూపులో అసలే పెట్టవద్దు. 18 ఏళ్లలోపు వారి అశ్లీల చిత్రాన్ని పంచితే ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద మొదటిసారికే అయిదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక) చట్టం 19వ సెక్షన్ అంటుంది, అంటే మీరు కూడా. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) రాయమనండి. పిల్ల పేరు పత్రికలకు ఎక్కుతుందని తల్లి భయపడుతుంటే, అలా ప్రచురించడమూ నేరమేనని చెప్పండి.

సోంపేట నుంచి
నాది లోన్ యాప్ గొడవ. అప్పు తీర్చినా నా ఫొటో మార్చి, మా ఆయనకు పంపుతామని బెదిరించారు. ఆయన గల్ఫ్‌లో ఉంటారు. ఒకసారి డబ్బు కట్టాను, మర్నాడే ఇంకా అడిగారు. ఆ రాత్రి నేనే ఫోను చేసి ఆయనకు అంతా చెప్పేశాను. తెల్లారి బంధువులందరికీ "నా పేరుతో నకిలీ ఫొటో వస్తే తెరవకండి, పంపిన నంబరు నాకు ఇవ్వండి" అని సందేశం పెట్టాను. మా వదిన ఇచ్చిన నంబర్లతోనే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేశాను. పోయిన డబ్బు గురించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాను.

ఆమదాలవలస అక్క
మంచి పని చేశావమ్మా. వాడి చేతిలో ఉన్న ఆయుధం మన భయం ఒక్కటే.

కోటబొమ్మాళి
చిత్రం మళ్లీ మళ్లీ పైకి రాకుండా ఉండాలంటే మైనర్లకు టేక్ ఇట్ డౌన్, పెద్దవారికి స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవలు ఉన్నాయి. ఫొటో మన ఫోను దాటి పోదు. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక సంకేతం మాత్రం వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటివి ఆ సంకేతంతో సరిపోలిన ఫొటోలను ఆపుతాయి. వాట్సాప్ సందేశాల్లో తిరిగేవాటికి మాత్రం ఇది పనిచేయదు.

చీపురుపల్లి నాన్న
నాకు ఇద్దరు మగపిల్లలు. అమ్మాయిలకు జాగ్రత్తలు చెప్పే సభలు మన దగ్గర చాలా జరిగాయి. ఆ ఫొటోను గ్రూపుల్లో తిప్పే అబ్బాయిలను కూర్చోబెట్టి మాట్లాడిన సభ నేను ఒక్కటీ చూడలేదు. 2025లో ఐక్యరాజ్యసమితి మహిళలపై హింసకు వ్యతిరేకంగా నవంబరు 25 నుంచి చేసే 16 రోజుల ప్రచారాన్ని డిజిటల్ హింస మీదే నడిపింది. ఈసారి ఆ రోజుల్లో మీ బడిలో అబ్బాయిల తండ్రులను పిలవండి, మేడమ్. నేను వచ్చి మాట్లాడతాను.

బొబ్బిలి పంతులమ్మ
తప్పకుండా రండి, అన్నయ్యా. ఈలోగా రేపు ఉదయం ఆ తల్లిని తీసుకుని స్టేషన్‌కు వెళుతున్నాను. లింకులు రాసుకున్నాం. న్యాయవాదిగారూ, ఫిర్యాదు ఒకసారి చూసి పెడతారా?