టేకు చెక్క నేలలో వేసవి సందులు

ప్రశ్న: కడపలోని మా మేడమీద గదిలో పరిచిన టేకు చెక్కల మధ్య, ఎండలు ముదిరేకొద్దీ గోరు దూరేంత సందులు ఏర్పడుతున్నాయి. వాటిని లప్పంతో పూడ్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. గాలిలో తేమ తగ్గినప్పుడు చెక్క వెడల్పులో కుంచించుకుపోయి, వానలు పడ్డాక మళ్లీ ఉబ్బుతుంది కనుక, నేడు నింపిన లప్పం అప్పుడు నలిగి పెళ్లలుగా పైకి లేస్తుంది. శ్రావణం దాటినా సందులు మూసుకోకపోతే వడ్రంగికి చూపించండి.

మరో జవాబు: కూలర్ నుంచి కారే నీటిని కూడా గమనించండి. అది సందుల్లోకి దిగితే అడుగున తేమ పట్టి చెక్కల అంచులు పైకి లేస్తాయి. కడప బండలను కడిగినట్లు బకెట్లతో నీళ్లు పోయకుండా, గట్టిగా పిండిన గుడ్డతో తుడిపించండి. నేలపై వేసిన నీటి చుక్క నిలవకుండా ఇంకిపోతుంటే పాలిష్ అరిగినట్లే.