జావా 8 నుంచి ఎప్పుడు మారాలి?

ప్రశ్న: తిరుపతిలో ఆరుగురం కలిసి లాడ్జీల బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఇప్పటికీ జావా ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ అయిన జావా 8 మీదే నడుపుతున్నాము. పని ఆగడం లేదు కనుక మార్పు వాయిదా పడుతూనే ఉంది. ఎప్పుడు మారడం మంచిది?

జవాబు: పని ఆగకపోవడం ఒక్కటే కొలమానం కాదండీ. జావా అప్లికేషన్లు కట్టడానికి వాడే స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 ఉండాలి. మీరు వాడే లైబ్రరీలకు (ఇతరులు రాసి ఇచ్చిన సిద్ధమైన కోడ్‌కు) భద్రతా సవరణలు పాత జావాలో అందడం మానేస్తే ఇక ఆగకూడదు.

మరో జవాబు: మేము జావా 11కు మారినప్పుడు, కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టకపోయినా బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) ఆగిపోయింది, 2018లో వచ్చిన ఆ వెర్షన్‌లో జాక్స్‌బీని (JAXB, జావా డేటాను XMLగా, XMLను జావా డేటాగా మార్చే భాగాన్ని) తొలగించారని, దానిని విడిగా చేర్చుకోవాలని తెలుసుకోవడానికే రెండు రోజులు పట్టింది. ముందు వేరే బ్రాంచిలో (అసలు కోడ్‌ను తాకని విడి ప్రతిలో) బిల్డ్ చేసి చూడండి. బ్రహ్మోత్సవాల ముందు మాత్రం వద్దు. ఆ రోజుల్లో గదుల రద్దీ మీకు తెలియనిది కాదు.

ప్రశ్న అడిగినవారు: మా బిల్లులన్నీ జాక్స్‌బీ మీదే ఉన్నాయి! సోమవారమే బ్రాంచి తెరుస్తాము.