అరవై మందికి కాఫీ: ఇంటి కొలతనే పెంచితే రుచి ఎందుకు చెడింది?

వేకువజాము:

ఇంట్లో ఇద్దరికి కాఫీ పెట్టేటప్పుడు 500 మిల్లీలీటర్ల నీటికి 30 గ్రాముల పొడి వేస్తాను. చాలా ఏళ్లుగా ఇదే కొలత, రుచిలో ఎన్నడూ తేడా రాలేదు. మొన్న ఒక సమావేశంలో 60 మందికి కాఫీ పెట్టే పని నా మీద పడింది. మనిషికి 150 మిల్లీలీటర్ల చొప్పున 9 లీటర్లు కావాలని లెక్కకట్టి, అదే నిష్పత్తిలో 540 గ్రాముల పొడి తూచి, 16 సెంటీమీటర్ల వెడల్పున్న చిల్లుల గిన్నెలో గుడ్డ పరిచి అందులో పోసి, 9 లీటర్ల మరిగిన నీటిని గరిటెతో కొద్దికొద్దిగా పోస్తూ వచ్చాను. అంతా దిగడానికి అరగంటకు పైగా పట్టింది. తీరా చూస్తే కిందికి వచ్చింది సుమారు 8 లీటర్లే కావడంతో, తక్కువపడిన లీటరును వేడి నీళ్లతో భర్తీ చేశాను.

తాగి చూస్తే పలచగా ఉంది, పైగా నాలుక మీద చేదు నిలిచిపోయింది. అది చాలదన్నట్టు, కుళాయి ఉన్న డబ్బాలోంచి మొదట పట్టుకున్నవారు ఫరవాలేదన్నారు, చివర్లో పట్టుకున్నవారు సగం కప్పులోనే వదిలేశారు. పలచగా ఉంది కనుక పొడి పెంచాలనిపిస్తోంది, చేదుగా ఉంది కనుక తగ్గించాలనిపిస్తోంది. పెద్ద మొత్తంలో పెట్టేటప్పుడు నిష్పత్తి వేరుగా ఉంటుందా?

తూకంరాయి:

నిష్పత్తి మారదండీ. లీటరు నీటికి 55 గ్రాములు, అటూ ఇటూ పదో వంతు తేడాతో, అన్నది స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ వారి ప్రమాణం. మీ 60 గ్రాముల కొలత దాని పైఅంచుకు దగ్గరగా ఉంది కాబట్టి పొడి తక్కువైందని అనుకోవడానికి లేదు. పోసే నీళ్లూ, దిగే కాఫీ ఒకటేనని అనుకోవడం దగ్గర మీ లెక్క తప్పింది.

కాఫీ పొడి తన బరువుకు సుమారు రెండింతల నీటిని తనలోనే ఉంచేసుకుంటుంది. 540 గ్రాముల పొడి అంటే లీటరుకు పైనే పిప్పిలో ఉండిపోతుంది, మీకు తక్కువపడింది సరిగ్గా అదే. ఇంట్లోనూ ఇదే జరుగుతోంది. మీరు 500 మిల్లీలీటర్లు పోస్తే 440 మాత్రమే దిగుతోంది, కానీ రెండు కప్పుల్లో ఆ తేడా కంటికి ఆనదు, దాన్ని నీళ్లతో నింపాలన్న ఆలోచనా రాదు. ఇక్కడ నింపారు. పొడి మీదుగా రాని నీళ్లు నేరుగా కాఫీలో కలిశాయి కాబట్టి చిక్కదనం దాదాపు ఎనిమిదో వంతు మేర తగ్గిపోయింది.

కావలసిన కాఫీ నుంచి వెనక్కి లెక్కకట్టండి. లీటరుకు 60 గ్రాముల చొప్పున వేస్తే ప్రతి లీటరు నీటిలో 120 మిల్లీలీటర్లు పిప్పికి పోయి 880 చేతికి వస్తుంది. 9 లీటర్లను 0.88తో భాగిస్తే సుమారు 10 లీటర్ల 230 మిల్లీలీటర్ల నీళ్లు, వాటికి 614 గ్రాముల పొడి కావాలి. మూత లేకుండా మరిగిస్తే ఆవిరైపోయేది దీనికి అదనం. ఇంకొక మాట, నీళ్లను పొయ్యి మీద పెట్టకముందే కొలవండి. మరుగు దగ్గరికి వచ్చిన నీరు సుమారు నూటికి నాలుగు వంతులు వ్యాకోచిస్తుంది కనుక, వేడి నీటిని గీతల గిన్నెతో కొలిస్తే 9 లీటర్లని చూపించినా తూకానికి 8 కిలోల 660 గ్రాములే ఉంటుంది.

జల్లెడ:

తూకంరాయి గారి లెక్క సరైనదే, కానీ ఆ ఒక్క లీటరు మీదనే నేరమంతా మోపడం నాకు సరిగా అనిపించలేదు. 1950ల్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ పరిశోధనల నుంచి స్థిరపడిన ప్రమాణం ప్రకారం, పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా నీటిలోకి దిగితే కాఫీ సమంగా ఉంటుంది, తయారైన కాఫీలో ఆ సారం 1.15 నుంచి 1.35 శాతం మధ్య ఉండాలి. మీ 540 గ్రాముల్లోంచి 20 శాతం, అంటే 108 గ్రాములు, దిగి ఉంటే ఆ లీటరు నీళ్లు కలిపిన తర్వాత కూడా 1.2 శాతం ఉండాలి. ఇంటి కాఫీ కంటే కాస్త పలచన అవుతుందే గాని, సగంలో వదిలేసేంత కాదు. కాబట్టి సారమే సరిగా దిగలేదని నా అనుమానం. 16 శాతమే దిగిందనుకుంటే 0.96 శాతానికి పడిపోతుంది, అప్పుడు మీరు చెప్పిన రుచికి లెక్క కుదురుతుంది.

పిప్పి పారబోసేటప్పుడు ఎలా ఉందో గమనించారా?

వేకువజాము:

మీరు అడిగాక గుర్తొచ్చింది. గుడ్డను బోర్లించినప్పుడు ముద్ద మధ్యలో పిడికెడు పొడి లేత రంగులో, తడి తగలకుండా అలాగే ఉంది, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. గిన్నె అంచు వెంట ఒకచోట మాత్రం చిటికెన వేలు దూరేంత కంత పడి ఉంది. అప్పట్లో గుడ్డ సరిగా పరచలేదేమో అనుకుని వదిలేశాను.

జల్లెడ:

జవాబంతా ఆ కంతలోనే ఉందండీ. నీళ్లు ఎటు సులువైతే అటే పోతాయి. ఒకసారి దారి పడ్డాక మీరు పోసినదంతా అంచు వెంటనే జారిపోయింది. ఆ దారిలో ఉన్న పొడి అరగంట సేపు నీళ్లకు నాని చేదంతా కక్కింది, మధ్యలోని పొడి ఏమీ ఇవ్వలేదు. పలచనా చేదూ ఒకే కప్పులో చేరడానికి కారణం ఇదే, పొడి పెంచితే ఈ రోగం ఇంకా ముదురుతుంది.

540 గ్రాముల పొడిని 16 సెంటీమీటర్ల గిన్నెలో పోస్తే మందం 7 సెంటీమీటర్లు దాటుతుంది. రెండున్నర నుంచి 5 సెంటీమీటర్ల మందం ఉంటే నీళ్లు సమంగా దిగుతాయి. మీ గిన్నె కంటే వెడల్పైనది దొరక్కపోతే, తూకంరాయి గారు చెప్పిన 614 గ్రాములను రెండు విడతలుగా, 307 గ్రాముల చొప్పున వేసుకోండి, మందం 4 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. పొడిని ఇంటి రకం కంటే కొంచెం బరకగా ఆడించండి. ముందుగా పొడి బరువుకు రెండింతల వేడి నీళ్లు పోసి, చెంచాతో అడుగుదాకా కలిపి, ముప్పావు నిమిషం ఆగి, మిగతా నీళ్లను మధ్య నుంచి అంచుల దాకా తిప్పుతూ పోయండి. ఒక్కొక్క విడత 8 నిమిషాల్లోపు దిగిపోవాలి. దాటుతోందంటే పొడి ఇంకా మెత్తగా ఉన్నట్టే.

మొదటివారికి ఒక రుచి, చివరివారికి ఇంకొకటి రావడం దీనితో సంబంధం లేని విషయం. మొదట దిగే డికాక్షన్ చిక్కగా, బరువుగా ఉండి అడుగున చేరుతుంది. తర్వాత దిగిన పలచనిదీ, మీరు చివర్లో పోసిన నీళ్లూ పైన తేలుతాయి. కుళాయి ఉండేదేమో అడుగున. వడ్డించే ముందు పొడుగు గరిటెతో ఒకసారి కింది నుంచి పైకి కలిపితే చాలు.

పాతకుండ:

నేను వీటన్నిటికీ భిన్నంగా చేస్తాను. పెద్ద మొత్తం పెట్టినప్పుడల్లా ఇంటి లెక్క కంటే పొడి పదో వంతు తగ్గిస్తాను, ఎవరూ పలచగా ఉందనలేదు. పెద్ద గిన్నెలో సారం ఎక్కువ దిగుతుందన్నది నా అనుభవం.

తూకంరాయి:

పాతకుండ గారూ, మీరు బహుశా పొడిని నీళ్లలోనే నానబెట్టి తర్వాత వడకడతారు. ఆ పద్ధతిలో మీ అనుభవం నిజమే. 10 లీటర్ల నీరు అర లీటరులా త్వరగా చల్లారదు కాబట్టి, అదే 4 నిమిషాల్లో పొడి నుంచి ఎక్కువ లాగుతుంది. అయినా నేనైతే పొడి తగ్గించను, ఒక నిమిషం ముందే వడకడతాను, లేదా బరక పెంచుతాను. పొడి తగ్గిస్తే మిగిలిన పొడి మీద భారం ఇంకా పెరుగుతుంది. చిక్కదనం సరిపోయినట్టే కనిపిస్తుంది గాని చేదు తగ్గదు.

పాతకుండ:

నానబెట్టే మాట నిజమేనండీ. పాలు కలిపి ఇస్తాను కాబట్టి ఆ చేదు ఎవరికీ తెలియలేదేమో! పాలు లేకుండా ఒక కప్పు రుచి చూస్తే గాని ఆ సంగతి తేలదు.

వేకువజాము:

నిన్న 30 మందికి మళ్లీ పెట్టాను. 5 లీటర్ల 115 మిల్లీలీటర్ల నీళ్లను పొయ్యి ఎక్కించకముందే తూచి, 307 గ్రాముల పొడి బరకగా ఆడించి, మొదట తడిపి కలిపి, మిగతా నీళ్లు పోశాను. 7 నిమిషాల్లో దిగింది. డబ్బాలో నాలుగున్నర లీటర్లకు ఓ గ్లాసు తక్కువగా వచ్చింది, ఈసారి నీళ్లు కలపలేదు. పిప్పి అంతా ఒకే రంగులో ఉంది. చేదు పూర్తిగా పోయింది. అయితే ఇంటి కాఫీలో లేని పులుపు కొద్దిగా తగిలింది.

జల్లెడ:

నీళ్లను పొయ్యి మీద నుంచి దించి పోశారా?

వేకువజాము:

అవునండీ, దించి బల్ల మీద పెట్టుకుని పోశాను.

జల్లెడ:

అయితే చివరి లీటర్లు బాగా చల్లారి ఉంటాయి, ఆ పులుపు దానివల్లే కావచ్చు. పొడి మీద పడే నీరు 92 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి. గరిటెతో తోడి ఎత్తు నుంచి పోస్తే దారిలోనే కొన్ని డిగ్రీలు పోతాయి. గిన్నెను సన్నని సెగ మీదే మూతపెట్టి ఉంచి, తోడినప్పుడల్లా మూత కొంచెం జరిపి, పొడికి దగ్గరగా పోయండి. ఆ తక్కువపడిన గ్లాసు చాలావరకు మూత లేని గిన్నెలోంచి ఆవిరైపోయిందే కావచ్చు.